యాదికి నంబరు వేసి రాయండి

పాలమూరుకు ఎడబాటు కొత్త కాదు. మట్టి పనికి బొంబాయి పోయినవాళ్లు, కూలికి దుబాయి పోయినవాళ్లు లేని ఊరు అరుదు. ఫౌజువాడి ఎడబాటు మాత్రం వేరు. బొంబాయి పోయినవాడు రేపు ఏ సైటుకు పోతున్నాడో ఫోన్‌లో చెప్తాడు. దక్షిణ సూడాన్‌లోనో, కాంగోలోనో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్న జవాను ఎటు కదులుతున్నాడో, ఎప్పుడు కదులుతున్నాడో చెప్పకూడదు. ఇక్కడ మాట ఖాయం చేసుకుని లగ్గం కోసం చూస్తున్న మరదలికి ఆ చెప్పకపోవడమే అనుమానంగా తోస్తుంది. సగం అలకలు అక్కడే మొదలవుతాయి.

ముందు గడియారం సంగతి. దక్షిణ సూడాన్ రాజధాని జూబా మనకంటే మూడున్నర గంటలు వెనక. తూర్పు కాంగోలోని గోమా కూడా అంతే. లెబనాన్ అయితే చలికాలంలో మూడున్నర, ఎండాకాలంలో రెండున్నర, ఎందుకంటే వాళ్లు గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు జరుపుతారు. నల్లగొండలో పొద్దున ఆరింటికి, ఇంట్లోవాళ్లు లేవకముందే మాట్లాడదామని ఫోన్ చేస్తే జూబాలో రాత్రి రెండున్నర. గస్తీ నుంచి వచ్చి అప్పుడే కన్ను మూసినవాడి గొంతులో ప్రేమ వెతకొద్దు. మనకు రాత్రి తొమ్మిదంటే అక్కడ సాయంత్రం ఐదున్నర. డ్యూటీ లేని రోజు అదే మంచి టైము.

ఉపగ్రహం మీదుగా వెళ్లే కాల్‌లో ఇంకో చిక్కుంది. ఆ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైన ఉంటే, మాట పైకి పోయి కిందికి దిగడానికి పావు సెకను పడుతుంది. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. "నేను యాదికొస్తున్ననా?" అని అడిగాక అర సెకను నిశ్శబ్దం. దాన్ని తడబాటు అనుకుంటుంది ఆమె. మళ్లీ అడుగుతుంది, అదే క్షణాన అతని జవాబు వస్తుంది, రెండు మాటలూ ఢీకొని ఏదీ వినపడదు. వైర్‌లెస్ సెట్ మీద "ఓవర్" అనేది ఇందుకే. మాట అయిపోగానే "చెప్పు" అనడం ఇద్దరూ అలవాటు చేసుకుంటే చాలు. లైను మరీ సతాయిస్తుంటే వాయిస్ మెసేజీ మేలు. నెట్ దొరికినప్పుడు అదే పోతుంది, పైగా పదిసార్లు వినొచ్చు.

వాట్సాప్‌లో ఒకే టిక్కు ఉంటే మెసేజీ అతని ఫోన్‌కు ఇంకా చేరలేదని అర్థం, అంతే. రెండు బూడిదరంగు టిక్కులంటే చేరింది, చదివాడని కాదు. మూడు రోజులు ఏమీ రాకపోతే గుండె దడ సహజమే గానీ, ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దళంలో ఎవరికైనా ప్రమాదం జరిగితే, వాళ్ల ఇంటికి కబురు చేరేదాకా అందరి సొంత ఫోన్లూ, నెట్టూ ఆపేసే పద్ధతి కొన్ని సైన్యాల్లో ఉంది. బ్రిటిష్ సైన్యం దీన్ని ఆపరేషన్ మినిమైజ్ అంటుంది. ఎవరి ఇంటివాళ్లూ పుకారుగా ఆ వార్త వినొద్దని ఆ ఏర్పాటు. అందుకని మౌనం ఒక్కటే ఉంటే దానికి అర్థాలు తీయొద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటారు. ఫోన్ మాట గాలికి పోతుంది, ఉత్తరం జేబులో ఉంటుంది. సైనిక చిరునామాలో జవాను సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఏపీఓ అంటే సైనిక పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటాయి. ఊరి పేరు, దేశం పేరు ఉండవు. "ఏపీఓ అంటే పోస్టుమ్యాన్‌కు తెలుసో లేదో" అని పక్కన ఊరు రాసేవాళ్లున్నారు. దాంతో రెండు నష్టాలు: ఉత్తరం మామూలు టపాలో పడి తిరుగుతుంది, అతనున్న చోటు కవరు మీద బయటపడుతుంది. అతను పంపిన చిరునామాను అక్షరం మార్చకుండా రాయడమే పద్ధతి. నంబరు అసలే మరువొద్దు. ఒక్క యూనిట్‌లో శ్రీనులు నలుగురుండొచ్చు, మనిషిని పట్టిచ్చేది నంబరే. ఈ సైనిక టపా పాతది. 1962లో కాంగోలోని మన దళం కోసం తపాలా బిళ్లల మీద ప్రత్యేకంగా ఆ దళం పేరు అచ్చువేసి ఇచ్చారు.

ప్రతి ఉత్తరం మీద తేదీతో పాటు వరుస నంబరు వేయండి. టపా వరుసలో రాదు. ఏడోది ముందు వచ్చి ఐదోది వారం తర్వాత వస్తే, ఐదోదాంట్లోని కోపం ఏడోదాంట్లోని రాజీని చెడగొడుతుంది. కోపం ఉత్తరంలో రాయకపోవడమే మేలు. జవాబు వచ్చేసరికి ఇక్కడ ఆ సంగతే మరిచిపోయి ఉంటారు. దవాఖాన కబుర్లు కూడా ఫోన్‌లోనే, అది కూడా ఏం తేలిందో తెలిశాకే.

మరి ఉత్తరంలో ఏం రాయాలె? "మస్తు యాదికొస్తున్నవ్" అని నాలుగు పేజీలు నింపితే అతనికి పట్టుకోవడానికేం దొరకదు. చెరువు మత్తడి దుంకిందా, బత్తాయికి ఏం ధర పలికింది, పత్తి ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, ఈసారి బతుకమ్మకు గునుగు దొరికిందా లేక తంగేడుతోనే పేర్చారా, ఇవి రాస్తే అతను కళ్లు మూసుకుని ఊళ్లో తిరుగుతాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కు పోయిన మన దేశపు సిపాయిల ఉత్తరాలను బ్రిటిష్ సెన్సారు చదివేది. వాళ్లు భారతీయ సైనికులను నల్ల మిరియాలనీ, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలనీ రాసి కష్టాలు చెప్పుకున్నారు. సెన్సారు ఆ గుట్టు కనిపెట్టింది కూడా. ఇద్దరి మధ్య ముద్దు మాటలకు గుర్తులు పెట్టుకోండి గానీ, చోటుకూ కదలికకూ మాత్రం వద్దు. ఫొటోలతోనూ జాగ్రత్త. వెనక యూనిట్ బోర్డో, బండి నంబరో పడితే ఆ ఫొటో ఎవరికీ పంపకూడదు. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరం కూడా దాంతో పోతుంది.

తిండి పంపాలంటే లీవు నుంచి తిరిగి పోయే తోటి జవాను సంచే దిక్కు. అతని బరువు అతనికుంటుంది, కిలో రెండు కిలోలు మించి ఇవ్వడం మర్యాద కాదు. సకినాలు పంపాలని మనసు లాగుతుంది, చేరేసరికి నూకలవుతాయి. పంపితీరాలంటే స్టీలు డబ్బాలో నిలువుగా పేర్చి, సందుల్లో కాగితం కుక్కాలి. పుంటికూర తొక్కు నూనె కారి బట్టలన్నీ పాడుచేస్తుంది. పల్లీ పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి మేలు. పల్లీలు సన్నసెగ మీద బాగా వేయించి, పూర్తిగా చల్లారాకే దంచాలి. వేడి మీద దంచితే నూనె వదిలి ముద్దవుతుంది, వేడి మీద డబ్బాలో పోస్తే మూతకు చెమట పట్టి బూజు వస్తుంది.

చివరగా ఎవరూ ముందు చెప్పని సంగతి. లగ్గం కాకముందు సైన్యం కాగితాల్లో ఆమె లేదు. ఏ కబురైనా అతను రాయించిన దగ్గరి బంధువుకే, అంటే అమ్మానాన్నలకే పోతుంది. అందుకని అతని వదిన నంబరో, చెల్లె నంబరో ఆమె దగ్గర ఉండాలి, "ఏదైనా తెలిస్తే నాకు చెప్పు" అనే మాట ముందే అయి ఉండాలి. లగ్గమయ్యాక ఆ సంగతి పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే జవాను సర్వీసు రికార్డులో మార్పులు నమోదు చేసే ఆర్డర్‌లో, ఎక్కించుకోవాలి. మనోళ్ల దగ్గర ఇది ఆగేది ఇంటిపేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పెళ్లి సర్టిఫికెట్‌లో వెనక, సర్వీసు రికార్డులో ఒక్క అక్షరం. ఒకే మనిషి ముగ్గురవుతుంది. సర్టిఫికెట్ చేయించే రోజే ఆధార్ పక్కన పెట్టుకుని, అందులో ఉన్నట్టే అక్షరాలు రాయించండి. అతను దేశం దాటాక తప్పు దిద్దించుకోవాలంటే ప్రతి సంతకానికీ అతని లీవు దాకా ఆగాలి.