కానిస్టేబుల్‌కా?

హనుమకొండలో పీజీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నా. నెలసరి మాటిమాటికీ తప్పుతోందని డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే స్కానింగ్ చూసి పీసీఓడీ అన్నారు, అంటే హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం దీనికి తోడవుతుందట. ఒళ్ళు కదిలిస్తే కండరాలు రక్తంలోని షుగర్‌ను వాడుకుంటాయని, అధిక బరువు ఉన్నవాళ్ళు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుందని చెప్పారు. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవమన్నారు. మందులకంటే ఆ 150 నిమిషాలతోనే నాకు టెన్షన్ పట్టుకుంది.

అమ్మాయి తెల్లారకముందే ట్రాక్ ప్యాంటు వేసుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడితే అందరికీ కారణం కావాలి. "సన్నబడి ఎవరికి చూపిద్దామనే?" అని అడిగిన నోళ్ళే అంతకుముందు "గింత లావైతున్నవ్, జర నడువరాదే" అన్నాయి. పీసీఓడీ అని చెబితే ఆ మాట ఊరికి చేరుతుంది. చేరేలోపే "ఆ పిల్లకు పిల్లలు పుట్టరట" అయిపోతుంది. మా ఇంట్లో అప్పటికే సంబంధాలు చూస్తున్నారు.

అందుకని కానిస్టేబుల్ ప్రిపరేషన్ అన్నా. అంతే! వార్డెన్ మేడమ్ వాచ్‌మన్‌కు చెప్పి గేటు తీయించారు. నాన్న బూట్లకు ఫోన్‌పే చేశాడు. నౌకరీ కోసమైతే ఆడపిల్ల ఎంత ఉరికినా మనవాళ్ళకు ఇబ్బంది లేదు. ఒంటి కోసమంటేనే అనుమానం.

జేఎన్ స్టేడియంలో నిజంగా కానిస్టేబుల్‌కు ప్రిపేరయ్యే అమ్మాయిలతో కలిశా. 2022 నోటిఫికేషన్ లెక్క వాళ్ళకు నోటికొచ్చు: 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్ల దూరం. ట్రాక్ మీద 800 అంటే రెండు రౌండ్లే. నాకు మొదటి రౌండు సగంలోనే డొక్కలో పోటు వచ్చేది. ఒక అక్క పక్కనే ఉరుకుతూ ముచ్చట పెట్టేది. "జవాబు చెప్పొస్తలేదా? అయితే స్పీడ్ తగ్గించు" అనేది. నా దమ్ముకు అదే కొలత అయింది. మొదట్లో టీషర్ట్ మీద చున్నీ అడ్డంగా బిగించుకుని ఉరికేదాన్ని. అక్కడ అందరి కళ్ళూ స్టాప్‌వాచ్ మీదే ఉండటం చూశాక చున్నీ బ్యాగులోకి పోయింది.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ టీ20 విభాగంలో కాంస్యం గెలిచాక హాస్టల్లో గొణుగుడు కొంత తగ్గింది. మెడల్ కూడా ఒక కారణమే కదా మరి.

బరువు పెద్దగా తగ్గలేదు. నెలసరి మాత్రం చాలావరకు గాడిన పడింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. చిక్కల్లా పండక్కి ఇంటికి పోయినప్పుడే. "నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తది బిడ్డా?" అని వాడకట్టంతా అడుగుతోంది. నాన్న ఊరంతా చెప్పేశాడు మరి.

చివరికి వంటింట్లో అమ్మకు అసలు సంగతి చెప్పా. రొట్టె కాలుస్తూ అంతా విన్నది. "నాకూ షుగర్‌కు నడువుమన్నడు డాక్టరు. ఒక్కదాన్నే రోడ్డెక్కితే బాగుండదని ఊకున్న" అన్నది. తెల్లారి ఇద్దరం చెరువు కట్టకు పోదామనుకున్నాం. పడుకునే ముందు మళ్ళీ వచ్చి, "సంబంధపోళ్ళు అడిగితే మాత్రం కానిస్టేబులే అను" అని చెప్పి పోయింది.