చేతులు ముప్పై, తాపీలు రెండు

ఊరందరి కోసం కడుతున్న సామూహిక భవనానికి గోడలు లేపడానికి మేం పదిహేను మందిమి వెళ్లాం. బస్సు దిగేసరికి పునాది, బేస్‌మెంటు సిద్ధంగా ఉన్నాయి. గోడలు, కిటికీల మీద లింటెళ్లు (పై గోడ బరువు మోసే కాంక్రీటు దూలాలు) మా వాటా. పని నడిపించేది ఇద్దరు తాపీ మేస్త్రులు. ఇలా శ్రమదానానికి వెళ్లే బృందం ముందుగా అడిగి తెలుసుకోవాల్సింది మేస్త్రులు ఎందరున్నారనే. ఎంతమంది సాయం పట్టినా గోడ వాళ్ల వేగంతోనే లేస్తుంది.

లెక్క చూడండి. చేయి తిరిగిన మేస్త్రి రోజుకు దాదాపు 500 ఇటుకలు పేరుస్తాడు. 20 సెంటీమీటర్ల మందం గోడకు చదరపు మీటరుకు 100 మాడ్యులర్ (ప్రామాణిక కొలత) ఇటుకలు పడతాయి. అంటే ఇద్దరూ కలిసి రోజుకు లేపేది 10 చదరపు మీటర్లు. మాలు, అంటే గోడకు వాడే సిమెంటు ఇసుక ముద్ద, 1:6 పాళ్లలో (సిమెంటు ఒకటికి ఇసుక ఆరు) కలిపితే ఒక సిమెంటు బస్తాకు 400 ఇటుకల వరకు వస్తాయి. ఇద్దరికీ ఆ ఒక్క బస్తా మాలే మూడు గంటలకు పైగా సరిపోతుంది. నీళ్లు పోసిన మాలును మాత్రం రెండు గంటల్లోపే వాడేయాలి. చేతులు ఖాళీగా ఉన్నాయని బస్తా మీద బస్తా కలిపితే అది కుప్పలోనే గట్టిపడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు దానిమీద మళ్లీ నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. శ్రమదానంలో కట్టిన గోడలు బలహీనపడేది ఎక్కువగా ఇక్కడే. అలా మెత్తబరిచిన మాలు చూడటానికి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం పోతుంది. అందుకే మేం ఒకేసారి అర బస్తాకు మించి కలపలేదు.

కొలతకు తట్టలు పనికిరావు, ఒక్కొక్కరు ఒక్కోలా నింపుతారు. 40×35×25 సెంటీమీటర్ల చెక్క పెట్టె చేసుకుంటే సరిగ్గా 35 లీటర్లు, అంటే 50 కిలోల బస్తా సిమెంటుకు సమానం. తడి ఇసుక ఉబ్బి ఉంటుందని మరిచిపోకూడదు. గాజు కొలపాత్రలో 200 మిల్లీలీటర్ల మట్టం దాకా తడి ఇసుక పోసి, దాన్ని ఖాళీ చేసి, సగం నీళ్లు పట్టి ఆ ఇసుకనే మళ్లీ అందులో వేసి కలపండి. పేరుకున్నాక 160 దగ్గర నిలిస్తే ఉబ్బు 25 శాతం. అప్పుడు ఇసుక 6 పెట్టెల బదులు 7.5 పోయాలి. లేకపోతే సిమెంటు వాటా ఎక్కువై, ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి.

ఇటుకల మోత కొత్తవాళ్లు బాగా చేయగల పని. ఒక్కోటి సుమారు 3 కిలోలు, రోజుకు వెయ్యి ఇటుకలంటే 3 టన్నులు. చేయి చాచే దూరంలో వరుసగా నిలబడి అందించుకుంటే నడుము మీద భారం తగ్గుతుంది. విసరకూడదు, మూలలు విరుగుతాయి. బుడగలు రావడం ఆగేదాకా ఇటుకలను నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరాక మేస్త్రికి అందించాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది, నీళ్లు కారే ఇటుక మాలు మీద జారుతుంది.

మేస్త్రులు మూలలు లేపి దారం కట్టాక మధ్య వరుసలు మాకు అప్పగించారు. ఇటుక దారానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. ఒక్క ఇటుక దారాన్ని నెట్టినా, తర్వాత పేర్చేవాళ్లందరూ ఆ వంకరనే అనుసరిస్తారు. అందుకే మూడు నాలుగు వరుసలకోసారి తూకపు గుండుతో, రసమట్టంతో సరిచూడాలి. ఇటుకల మధ్య మాలు నింపే అతుకు 10 మిల్లీమీటర్లు ఉండాలి. అడుగున మాలు అందరూ పరుస్తారు కానీ, నిలువు అతుకులు ఖాళీగా వదిలేస్తారు. వానకు గోడ తడిసేది ఆ సందుల్లోంచే. ఒక రోజులో 1.5 మీటర్లకు మించి లేపకూడదు, అడుగు వరుసల్లోని మాలు ఇంకా పచ్చిగానే ఉంటుంది.

చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. సిమెంటు తడి తగిలిన వెంటనే నొప్పి తెలియదు, కొన్ని గంటల తర్వాత చర్మం కాలి పుండవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

లింటెల్ అటూ ఇటూ కనీసం 150 మిల్లీమీటర్లు గోడ మీద కూర్చోవాలి. లావు కమ్మీలు అడుగున ఉండాలి, కమ్మీలు అడుగుకు తగలకుండా కింద 25 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు (చిన్న దిమ్మలు) పెట్టాలి. కట్టిన కమ్మీల బోనును లింటెల్ పోసే చెక్క అచ్చులోకి దించేటప్పుడు తలకిందులు చేయడం కొత్తవాళ్ల చేతుల్లో చాలా తేలిగ్గా జరిగిపోతుంది, కాబట్టి పై కమ్మీకి ముందే రంగు గుడ్డ కట్టాం. కాంక్రీటు 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) కలిపాం. చేత్తో కలుపుతున్నందుకు సిమెంటు పది శాతం ఎక్కువ వేశాం. ఇసుక తడితో సహా బస్తాకు 25 లీటర్ల నీళ్లు చాలు. పార తిప్పడం కష్టంగా ఉందని ఇంకో బకెట్ పోస్తే బలం పోతుంది.

మేం బయల్దేరేనాటికి చివరి లింటెల్ పచ్చిగానే ఉంది. గోడలను ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటు వాడాం కాబట్టి లింటెళ్లను పది రోజులు తడపాలి. ఉదయం ఎవరు, సాయంత్రం ఎవరు తడపాలో ఊరివాళ్లతో కూర్చుని పేర్లు రాసుకున్నాం. లింటెళ్ల కింది సపోర్టులు 14 రోజులు కదపకూడదని ఒక్కోదానిమీద తేదీ వేశాం. ఆగిన గోడ చివరలను మెట్లు మెట్లుగా వదిలాం, తర్వాత వచ్చే బృందం వాటిని తడిపి, దుమ్ము కడిగి అక్కడినుంచే అందుకోవచ్చు.