ఐదుగురు నలులు, ఒక నీడ

మా నాన్న పౌరాణిక నాటకాల్లో యముడి వేషం వేసేవారు. వేసవి రాత్రి, పెట్రోమాక్స్ దీపాల వేడికి, రంగు పూసిన ఆయన ముఖం మీద కణత నుంచి మెడ దాకా సన్నగా చెమట జారేది. ఆ గీత పొడవునా రంగు కరిగి, కింద నాన్న ఒంటి రంగు బయటపడేది. ఏడేళ్ల పిల్లను, తెర పక్కన విసనకర్ర పట్టుకుని ఆ గీత కోసమే ఎదురుచూసేదాన్ని. అది కనిపించేదాకా ఆయన దగ్గరికి వెళ్లాలంటే భయం.

పెద్దయ్యాక భారతం అరణ్యపర్వంలో దమయంతి స్వయంవరం చదువుతుంటే ఆ చెమట గీతే గుర్తొచ్చింది.

అడవిలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వ మహర్షి చెప్పే కథ ఇది. విదర్భ రాజకుమారి దండతో సభలోకి వచ్చేసరికి అక్కడ ఐదుగురు నలులున్నారు. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపంలోనే కూర్చున్నారు. దేవతల గుర్తులేమిటో పెద్దలు చెప్పగా ఆమె విన్నది. ఆ ఐదుగురిలో ఒక్కరిలోనూ అవి కనిపించలేదు.

ఆమె ఇక పరీక్షించడం మానేసింది. ఎవరు తనను భ్రమలో పడేశారో వాళ్లకే చేతులు జోడించింది. హంసల మాట విన్ననాడే నలుణ్ణి భర్తగా వరించానన్నది సత్యమైతే, ఆ సత్యం మీద అతన్ని మీరే చూపించండి అని అడిగింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. దేవతల మాయ కింద దయ కూడా ఉంటుందని ఆ పిల్ల నమ్మింది.

వాళ్లు తమ గుర్తులు బయటపెట్టారు. చెమట లేదు, రెప్ప పడదు, దండ వాడదు, దుమ్ము అంటదు, పాదాలు నేలను తాకవు. ఐదోవాడి మెడలో దండ వాడింది. ఒంటి మీద దుమ్ము, చెమట. రెప్పలు పడుతున్నాయి, కాళ్లు నేల మీద ఉన్నాయి. వ్యాసుడు అతన్ని ‘ఛాయాద్వితీయుడు’ అన్నాడు, నీడ తోడుగా ఉన్నవాడని. ఆ సమాసం దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో! జూదంలో సర్వం పోగొట్టుకుని, నిద్రపోతున్న భార్యను అడవిలో వదిలి, నిజంగానే నీడ ఒక్కటే తోడుగా నడవబోయే మనిషికి పెళ్లి సభలోనే ఆ మాట పడింది. దమయంతి సిగ్గుపడుతూ అతని వస్త్రం అంచు పట్టుకుని మెడలో దండ వేసింది.

శ్రీనాథుడి శృంగార నైషధంలో ఇదే సభలో సరస్వతీదేవి ఒక్కొక్కరినీ రెండర్థాల మాటలతో పరిచయం చేస్తుంది. ఆ పద్యాలంటే నాకు ప్రాణం. కాని ఆ కావ్యం పెళ్లి ముచ్చట్లతోనే ఆగుతుంది. నాకు మాత్రం బాహుకుడు కావాలి.

కర్కోటకుడనే పాము కాటుకు రూపం మారి, బాహుకుడనే పేరుతో పొట్టి చేతుల సారథిగా నలుడు దమయంతి పుట్టిల్లయిన కుండిన నగరానికి వస్తాడు. ఈసారి ఆ రూపంలో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. దమయంతి తన చెలికత్తె కేశినిని పంపి అతని పనులు గమనించమంటుంది. అతను చూస్తే ఖాళీ కుండలు నీళ్లతో నిండుతున్నాయి. గడ్డిపోచలు పట్టుకుంటే నిప్పు అంటుకుంటోంది. చేతుల్లో నలిపిన పూలు మునుపటికన్నా పరిమళిస్తున్నాయి. అవన్నీ పెళ్లినాడు ఆ దేవతలిచ్చిన వరాలు. అప్పుడు మనిషి గుర్తులతో దొరికినవాడు ఇప్పుడు దేవతల గుర్తులతో దొరుకుతున్నాడు.

అయినా ఆమెకు చాలలేదు. అతను వండిన మాంసం తెప్పించి రుచి చూసింది. ఆ రుచి యముడి వరం. తర్వాత పిల్లలిద్దరినీ కేశిని వెంట పంపింది. బాహుకుడు వాళ్లను ఒళ్లోకి తీసుకుని పెద్దగా ఏడ్చాడు. కాసేపటికి తేరుకుని, వీళ్లు మా పిల్లల్లాగే ఉన్నారు, అందుకే కన్నీళ్లు ఆగలేదని కేశినికి చెప్పుకున్నాడు.