మొదటి డిస్క్ గోల్ఫ్ టోర్నమెంటుకి ముందు: సరుగుడు తోట, కొబ్బరి చెట్టు, రూలు పుస్తకం

డిస్క్ గోల్ఫ్ అంటే ప్లాస్టిక్ డిస్కుని విసురుతూ, వీలైనంత తక్కువ త్రోల్లో గొలుసుల బాస్కెట్‌లో వేసే ఆట; ఒక్కో బాస్కెట్‌కి ఆడేది ఒక హోల్. టోర్నమెంటుకి పేరిచ్చాక కొత్తవాళ్లు ముందుగా చేసే పని ఇంకో డ్రైవర్ (దూరం విసరడానికి వాడే డిస్కు) కొనడం. ఆ తర్వాత ఖాళీ గ్రౌండ్ చూసుకుని ఉన్న బలమంతా పెట్టి విసరడం. స్కోరుకి ఈ రెండూ పెద్దగా పనికిరావు. తొలి టోర్నమెంటులో త్రోలు పోయేది వేరే చోట్ల: పది మీటర్ల లోపల పుట్లు (దగ్గర నుంచి బాస్కెట్‌లోకి వేసే త్రోలు) తప్పినప్పుడు, ఎదురుగా ఉన్న మొదటి చెట్టుకే డిస్క్ తగిలినప్పుడు, రూలు తెలియక పెనాల్టీ పడినప్పుడు. ఈ మూడింటినీ సరిచేసుకోవడానికి గొలుసుల బాస్కెట్లు పెట్టిన కోర్సే ఉండాలని లేదు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉండి కూడా చక్కగా సిద్ధం కావచ్చు.

ముందు బ్యాగు సంగతి. నాలుగు డిస్కులు చాలు: పుట్లకి ఒకే మోడల్ పుటర్లు రెండు, మధ్య దూరానికి మిడ్‌రేంజ్ ఒకటి, ఇంకాస్త దూరానికి ఫెయిర్‌వే డ్రైవర్ ఒకటి. డిస్కు మీద అచ్చువేసే నాలుగు అంకెలు వరసగా స్పీడ్ (ఎంత వేగంగా విసరాలో), గ్లైడ్ (ఎంతసేపు తేలుతుందో), టర్న్ (వేగంగా ఉన్నప్పుడు కుడికి ఎంత తిరుగుతుందో, మైనస్ పెరిగితే ఎక్కువ), ఫేడ్ (చివర ఎడమకి ఎంత వాలుతుందో). పుటర్లలో ఇన్నోవా ఏవియార్ 2/3/0/1, మిడ్‌రేంజ్‌లలో డిస్‌క్రాఫ్ట్ బజ్ 5/4/-1/1, ఫెయిర్‌వే డ్రైవర్లలో ఇన్నోవా లెపర్డ్ 6/5/-2/1. ఈ తరహావి కొత్త చేతికి లొంగుతాయి. స్పీడ్ 12 ఉన్న డిస్ట్రాయర్‌ని చూసి మోజుపడొద్దు. దానికి కావలసిన వేగం చేతిలో లేకపోతే, కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి లాగి విసిరే తీరు) విసిరింది కాస్త దూరం పోగానే ఎడమకి వాలి నేల కరుస్తుంది. అదే చేత్తో విసిరిన లెపర్డ్ దాన్ని దాటిపోతుంది.

బరువు విషయంలో పుటర్ 170-175 గ్రాములు ఉండాలి. డ్రైవర్ 160 గ్రాముల దగ్గర చూసుకోండి. 150కి దిగితే విసరడం తేలికే కానీ, భోగాపురం, కళింగపట్నం లాంటి తీరం పక్క ఊళ్లలో అది గాలిపాలవుతుంది. ఇంకో మాట: చవక ప్లాస్టిక్ డిస్కుల్ని ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో వదిలేస్తే వంగిపోతాయి. వంగినదాన్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, బల్లమీద బోర్లా వేసి చదును చేస్తే చాలావరకు దారికొస్తుంది. ప్రతి డిస్కు వెనకా పర్మనెంట్ మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు రాయండి. పోయినది దొరకడానికే కాదు, గుర్తు లేని డిస్కు విసిరితే మొదటిసారి హెచ్చరిక, ఆపైన ప్రతిసారీ ఒక పెనాల్టీ త్రో. చెమట చేతులకి ఈ రాత చెరుగుతుంది కాబట్టి బయల్దేరే ముందు రోజు మళ్లీ దిద్దుకోవాలి.

పుటింగ్‌కి కొబ్బరి చెట్టు మంచి గురువు. పోటీ బాస్కెట్ తొట్టి అంచు నేల నుంచి సుమారు 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ పైన అర మీటరు మేర గొలుసులు వేలాడతాయి. చెట్టు మొదలు మీద 82 సెంటీమీటర్ల దగ్గర సుద్దతో ఒక గీత గీసి, అర మీటరు పైన ఇంకో గీత గీస్తే ఆ రెంటి మధ్య భాగమే గురి. చెట్టు గొలుసుల గుత్తికంటే సన్నం, అందుకే అక్కడ తగిలిన పుట్ బాస్కెట్‌లో పడుతుందనే లెక్క.

రోజుకి యాభై పుట్లు చాలు: నాలుగు మీటర్ల నుంచి ఇరవై, ఆరు నుంచి ఇరవై, ఎనిమిది నుంచి పది. నాలుగు మీటర్ల దగ్గర ఇరవైలో పద్దెనిమిది తగిలేదాకా వెనక్కి జరగొద్దు. పన్నెండు మీటర్ల పుట్ ఒకటి పడితే సంబరంగానే ఉంటుంది, కానీ రౌండంతా మీ ముందుకొచ్చేవి నాలుగైదు మీటర్లవే. ఎందుకంటే ముందు పుట్ తప్పి డిస్క్ అటువైపు దాటిపోయాక మిగిలేది అదే. పుట్ కుడికీ ఎడమకీ పోతోందంటే ఎక్కువసార్లు తప్పు చేతిది కాదు, కాళ్లది. బరువు ముందు కాలి మీదికి రాకుండా చేయొక్కటే విసురుతోందన్నమాట. పుట్ ఎత్తుగా లేచి చెట్టు ముందే కూలిపోతే డిస్క్ ముక్కు (ముందు అంచు) పైకి లేచింది. చెంబులో నీళ్లు వంచేటప్పుడు మణికట్టు ఎంత దిగుతుందో అంత దించి పట్టుకుంటే ముక్కు చదునవుతుంది. పెద్ద త్రోలకీ ఇదే మందు.

చెట్ల మధ్య విసరడం నేర్చుకోవడానికి సరుగుడు తోటని మించింది లేదు. పూసపాటిరేగ, భోగాపురం నుంచి శ్రీకాకుళం తీరం పొడవునా ఇవి కనిపిస్తాయి. తోట యజమానిని అడిగే అడుగు పెట్టాలి. కొత్తగా నాటిన తోటల్లోకి, కాపలా ఉన్న చోటికి అసలు వెళ్లొద్దు. వజ్రపుకొత్తూరు, పలాస వైపు జీడి తోటలు నీడగా ఉంటాయి కానీ కొమ్మలు కిందికే ఉంటాయి. పైగా మార్చి నుంచి మే దాకా కోత రోజులు, అప్పుడు ఎవరైనా అనుమానంగానే చూస్తారు. సరుగుడు వరసల మధ్య సందు ఒకటి రెండు మీటర్లే. ఆ సందులో మిడ్‌రేంజ్‌ని ముప్పై మీటర్లు చెట్టు తగలకుండా పంపగలిగితే టోర్నమెంటు ఫెయిర్‌వే (విసిరే చోటికీ బాస్కెట్‌కీ మధ్య దారి) వెడల్పుగా కనిపిస్తుంది. దూరం కోసం కాదు, డిస్క్ చేతిలోంచి ఏ గీత మీద వదులుతున్నారో చూసుకోవడానికి ఇది. మొదటి రెండు వరసల్లోనే చెట్టుకి కొడుతున్నవాళ్లలో చాలామంది చేయిని ఛాతీ చుట్టూ గుండ్రంగా తిప్పుతుంటారు. డిస్క్ ఛాతీకి దగ్గరగా, నేరుగా ఒక గీతలో వెనక నుంచి ముందుకి రావాలి.

అక్కడ జాగ్రత్తపడాల్సింది కింద రాలిన సరుగుడు ఆకు. ఎండిన ఆకు మీద కాలు జారుతుంది, మూడు అడుగుల పరుగులో చివరి అడుగు వేసేటప్పుడు మరీను. ముందుగా ఆకుని కాళ్లతో పక్కకి తోసి, ఇసుక కనిపించాక అడుగేయండి. డిస్క్ కూడా దాని మీద పడ్డాక ఆగదు, జారుకుంటూ ఇంకొన్ని మీటర్లు పోతుంది. బాస్కెట్ వెనక నీళ్లో గట్టు దిగుడో ఉన్న చోట ఇది ముంచుతుంది. పొదల్లో చేయి పెట్టే ముందు కర్రతో కదపాలి. మన వైపు పాముల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గాలి సంగతి ఆటగాళ్లు ఎంత విన్నా అంతగా నమ్మరు. పొద్దున్నే గాలి లేనప్పుడు ఆడి, బాగా ఆడుతున్నామనుకుంటారు. తీరం దగ్గర ఎండ ముదిరాక సముద్రపు గాలి లేస్తుంది. వారంలో రెండు రోజులైనా ఆ వేళలోనే విసరాలి. లెక్క ఇది, కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి. ఎదురుగాలిలో డిస్క్‌కి తగిలే గాలి వేగం పెరుగుతుంది కాబట్టి అది మామూలు కంటే ఎక్కువ కుడికి తిరుగుతుంది, లేస్తుంది కూడా. అలాంటప్పుడు టర్న్ తక్కువున్న డిస్క్ తీసి, కింద నుంచి చదునుగా పంపాలి. వెనక గాలిలో దానికి తగిలే గాలి తగ్గి, లేవడానికి బలం లేక డిస్క్ తొందరగా దిగి ఎడమకి వాలుతుంది. అప్పుడు టర్న్ ఉన్న లెపర్డ్ లాంటిదాన్ని కాస్త ఎత్తుగా వదలాలి. పక్క గాలిలో చూడాల్సింది డిస్క్ ఏ ముఖం గాలికి చూపిస్తోందని. ఎడమ అంచు కిందికి వంచి విసిరితే దాని పైభాగం ఎడమకి తిరిగి ఉంటుంది. ఎడమ నుంచి వీచే గాలి దాన్ని నేలకి నొక్కుతుంది. కుడి నుంచి వీచేది అడుగున దూరి, లేపి, ఎడమకి మోసుకుపోతుంది. పుట్‌లోనూ ఇదే: ఎదురుగాలిలో గురి కాస్త కిందికి, వెనక గాలిలో కాస్త పైకి. గాలి ఎక్కువై బాస్కెట్ పన్నెండు పదిహేను మీటర్లలో ఉంటే ధైర్యం చూపించకుండా డిస్క్‌ని బాస్కెట్‌కి రెండు మీటర్ల పక్కన దించుకోవడమే నయం. గొలుసులు తప్పిన డిస్క్ గాలెక్కి పది మీటర్లు అవతల పడితే ఒక త్రోతో పోయేదానికి రెండు పెట్టుకున్నట్టు.

ఇక రూల్సు. కొత్తవాళ్లు చదవకుండా వచ్చేది ఈ భాగమే. పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) రూలు పుస్తకం నెట్‌లో ఉచితం, ఒక సాయంత్రం చాలు. మరీ ముఖ్యమైనవి ఇవి. విసిరేటప్పుడు ఒక కాలు లై మీద ఉండాలి. లై అంటే మార్కర్ (డిస్క్ పడిన చోటికి పెట్టే గుర్తు) వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న చోటు. అది దాటితే పెనాల్టీ. బాస్కెట్‌కి పది మీటర్ల లోపల పుట్ వదిలాక ముందుకి పడిపోకూడదు, మార్కర్ వెనక నిలకడగా నిలబడ్డాకే కదలాలి. ఇంట్లో చెట్టు దగ్గర విసిరి, అదే ఊపులో డిస్క్ తీసుకోవడానికి నడిచేవాళ్లందరికీ ఈ పెనాల్టీ రాసిపెట్టి ఉంటుంది. సాధనలోనే పుట్ తర్వాత రెండు సెకన్లు ఆగడం అలవాటు చేసుకోండి.

మార్కర్‌గా మినీ డిస్క్ వాడాలి, దాని వ్యాసం 7 నుంచి 15 సెంటీమీటర్లు. సోడా మూత, బిస్కెట్ ప్యాకెట్ ముక్క కుదరవు. పడిన డిస్క్‌ని కదపకముందే దానికి బాస్కెట్ వైపు అంచున తగిలేట్టు మినీని పెట్టి, ఆ తర్వాతే డిస్క్ తియ్యాలి. మినీ లేకపోతే పడిన డిస్క్‌నే మార్కర్‌గా ఉంచి దాని వెనక నుంచి విసరొచ్చు, కానీ ఆ త్రోకి ఆ డిస్క్ వాడలేరు. మీ వంతు వచ్చాక త్రోకి 30 సెకన్లు. పోయిన డిస్క్‌ని వెతకడానికి మూడు నిమిషాలు, ఆపైన పెనాల్టీ. ఓబీలో (అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే ఆట హద్దు బయట) పడిందనాలంటే డిస్క్ పూర్తిగా గీత బయట ఉండాలి, ఒక అంచు లోపల తగులుతున్నా ఓబీ కాదు. ఓబీ అయితే ఒక పెనాల్టీతో పాత చోటి నుంచి మళ్లీ విసరొచ్చు, లేదా డిస్క్ చివరిసారి గీత దాటిన చోటి నుంచి మీటరు లోపలికి జరిగి ఆడొచ్చు. నీళ్లు దగ్గరగా ఉండి లోపల చోటు బాగుంటే రెండోదే నయం.

మీ కోసం రెండు నిమిషాలైనా టోర్నమెంటు ఆగదు. గ్రూపు మొదలయ్యాక చేరితే తప్పిన ప్రతి హోల్‌కీ పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన త్రోల లెక్క) మీద నాలుగు కలిపి రాస్తారు. విజయనగరం జంక్షన్‌లోనో ఆమదాలవలసలోనో రైలెక్కి వెళ్లేవాళ్లు ఒక రోజు ముందు చేరి, కోర్సు అంతా నడిచి చూడండి. ఎక్కడ ఓబీ గీత ఉందో, ఎక్కడ మాండో చెట్టు (డిస్క్ తప్పనిసరిగా ఫలానా పక్క నుంచే పోవాల్సిన చెట్టు) ఉందో ఫోన్‌లో రాసుకుంటే ఆ రాత్రి అవే లెక్కలతో నిద్ర చెడదు. చివరి వారంలో కొత్త డిస్క్, కొత్త పట్టు రెండూ వద్దు. ముందు రోజు పూర్తి బలంతో విసరొద్దు, ఇరవై పుట్లు వేసి ఆపేయండి. మోచేతి లోపల నొప్పి మొదలైతే అది విశ్రాంతి కోసం అడుగుతున్నట్టే.

రౌండు పద్దెనిమిది హోల్స్, రెండున్నర నుంచి నాలుగు గంటల నడక. ఒకే రోజు రెండు రౌండ్లు పెట్టే టోర్నమెంట్లూ ఉన్నాయి. రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొడి, బెల్లం, వేరుశెనగలు దగ్గరుంచుకోండి. పొద్దున్న చోడి అంబలి కడుపు బరువెక్కకుండా మధ్యాహ్నం దాకా మోస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు తువ్వాళ్లు రెండు పెట్టండి, ఒకటి చేతికి, ఒకటి డిస్కుకి. కొత్త తువ్వాలు నీళ్లు పీల్చదు.

ఎవరైనా విసురుతుంటే వెనక నిశ్శబ్దంగా నిలబడాలి. బాస్కెట్‌కి దూరంగా ఉన్నవాళ్లది ముందు వంతు. టీ (హోల్ మొదలుపెట్టే చోటు) దగ్గర మాత్రం అంతకుముందు హోల్‌లో తక్కువ స్కోరు చేసినవాళ్లది. ప్రతి హోల్ అయ్యాక మీ స్కోరు గట్టిగా చెప్పండి, రాసేవాళ్లు ఏం రాశారో వినండి. రౌండయ్యాక కార్డులో ఏ హోల్ స్కోరైనా, మొత్తమైనా తప్పుంటే రెండు పెనాల్టీ త్రోలు కలుస్తాయి. ఆకలి వేసినా, ఎండకి తల తిరుగుతున్నా, కార్డు ఇచ్చేముందు పద్దెనిమిది గళ్లనీ ఒక్కొక్కటే చూసి కూడుకోండి.