నాన్న తీసిపెట్టిన పిడికెడు బియ్యం

మా నాన్న పోయి ఏడాది దాటింది. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నప్పుడల్లా మా వంటింటి అరలో ఉన్న బోర్న్‌విటా డబ్బా దగ్గరే ఆగిపోతున్నాను, అందుకని ఈసారి అక్కణ్నుంచే మొదలుపెడుతున్నాను.

మాది మెదక్. నాన్న సర్కారు బడిలో లెక్కల సారు, చుట్టుపక్కల ఎన్నో ఊళ్లకు ట్రాన్స్‌ఫర్ అయ్యారు, కానీ ఆదివారం వస్తే ఎక్కడున్నా మెదక్ పెద్ద చర్చికి రావాల్సిందే. ఆ చర్చి అనగానే అందరూ 175 అడుగుల గోపురం గురించి చెప్తారు. మా ఇంట్లో మాత్రం ముందు ఆకలి గురించి చెప్పేవారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కరువొచ్చి జనం తిండికి అల్లాడుతుంటే, బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ పాస్నెట్ దొర వాళ్లకు చర్చి కట్టే పని చూపించి కడుపు నింపాడు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. అక్కడ రాళ్లు మోసినవాళ్లలో నాన్న వాళ్ల తాత కూడా ఉన్నాడట. కాగితం మీద ఎక్కడా లేదు, ఇంట్లో చెప్పుకునే మాటే. "ఆ బువ్వ తిని బతికినోళ్లం మనం" అనేవారు నాన్న, అన్నం ముందు కూర్చుని ఎవరైనా వంక పెడితే.

మా సంఘంలో ఒక పాత అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని పేరున డబ్బాలో వేస్తారు, డబ్బా నిండాక చర్చికి తీసుకెళ్తారు. మా ఇంట్లో అది అమ్మ పని. 2018లో అమ్మ పోయాక నాన్న వంట నేర్చుకున్నారు, వంటతో పాటు ఆ పిడికెడు కూడా ఆయన చేతికొచ్చింది.

మరుసటేడు ఆయన్ని బర్మింగ్‌హామ్‌కి తెచ్చుకున్నాను, విజిటర్ వీసా మీద ఆరు నెలలు. వచ్చిన రెండో రోజే ఖాళీ బోర్న్‌విటా డబ్బా కడిగి ఎండబెట్టి మూత మీద చిన్న శిలువ గీశారు. "ఇక్కడ ఎవరికిస్తావు నాన్నా?" అంటే "ముందు నిండనీ బిడ్డా" అన్నారు. పదేళ్ల మా బాబు, ఆరేళ్ల పాప ఆ పిడికెడు కోసం రోజూ కొట్లాడుకునేవాళ్లు, ఆయన వంతులు పెట్టారు. నేను శనివారం శనివారం పిల్లల్ని తెలుగు క్లాసుకి లాక్కెళ్లి, అక్షరాలు దిద్దించి, ఏడిపించి చెప్పలేకపోయిన మాటలు, ఎసరు, పిడికెడు, గింజ, తవ్వ, అన్నీ ఆ ఆరు నెలల్లో పొయ్యి పక్కన నిలబడి వాళ్లే నేర్చుకున్నారు.

డబ్బా నిండింది. ముగ్గురూ కలిసి బస్సెక్కి దగ్గర్లో ఉన్న ఒక ఫుడ్‌బ్యాంక్‌కి తీసుకెళ్లారు. విడి బియ్యం తీసుకోరట, సీల్ ఉన్న ప్యాకెట్లే కావాలట. వాళ్ల రూలు వాళ్లది, అందులో తప్పేం లేదు, కానీ నాన్న డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొచ్చిన తీరు మా పాప చెప్తే నాకు కడుపులో దేవినట్టయింది. ఆయన మాత్రం రాత్రంతా ఆలోచించి పొద్దున్నే లవంగాలు, పుదీనా ఉన్నాయా అని అడిగారు. ఆ ఆదివారం మేం వెళ్లే మెథడిస్టు చర్చిలో ఆరాధన అయ్యాక అందరికీ బగారా అన్నం పెట్టారు. పట్టుమని ముప్పై మంది కూడా లేని సంఘం, ఎక్కువమంది ఎనభై దాటిన తెల్ల ముసలివాళ్లు. మెదక్‌కి పాస్నెట్‌ని పంపింది కూడా ఒకప్పటి మెథడిస్టులేనని నాన్న తన ఇంగ్లీషులో వాళ్లకు చెప్పి, "మీ బాకీ కొంచెం తీర్చుకుంటున్నా" అన్నారు. ఒక పెద్దావిడ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరిగి వెళ్లాక రోజూ ఫోన్. ఆయన రాత్రి ప్రార్థనలో మా అందరి పేర్లూ హాజరు పట్టీ పిలిచినట్టు వరసగా తీసేవారు, మాకు అప్పటికి ఇంకా సాయంత్రమే, పిల్లలు హోంవర్క్ చేసుకుంటూనే స్పీకర్‌లో తమ పేరు వచ్చేదాకా ఆగి వినేవాళ్లు.

2024 క్రిస్మస్‌కి చర్చికి వందేళ్లు. అందరం వెళ్లాం. తెల్లవారుజాము ఆరాధనకు వెళ్తే లోపల అడుగు పెట్టే సందు లేదు. లోపల ఎన్ని లైట్లు వేసినా ఆ పెద్ద కిటికీల అద్దాలు నల్లగానే ఉంటాయి, బయట వెలుగొస్తేనే రంగులు కనపడతాయి, అది అక్కడ కూర్చుని చూడాల్సిందే. బయటికొచ్చాక, మెట్ల మీద, మా బాబు వాళ్ల తాతతో ఇంగ్లీషులో నేరుగా చెప్పేశాడు, నాకు దేవుడి మీద నమ్మకం లేదు తాతా, మీకు అబద్ధం చెప్పడం ఇష్టం లేక చెప్తున్నాను అని. నాకు తల తీసేసినట్టయింది. ఈ రోజేనా, ఇక్కడేనా అని వాడి మీద అరవబోయాను. నాన్న నన్ను చేత్తో ఆపి వాడి భుజం మీద చెయ్యేశారు. "సరే బిడ్డా. నువ్వు నమ్మకున్నా నీ పేరు తీసుడు నేనైతే బంద్ చెయ్య." అంతే. తర్వాత ఇద్దరూ కలిసి చాయ్ తాగడానికి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నేను ఇప్పటికీ అడగలేదు.

రెండు నెలలకే, ఫిబ్రవరిలో, నిద్రలోనే పోయారు. నేను చేరేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. బాబుకి పరీక్షలు దగ్గర పడ్డాయని పిల్లల్ని తీసుకెళ్లలేదు, ఆ నిర్ణయం నాదే, ఈ రోజుకీ నన్ను తినేస్తోంది. సమాధుల తోటలో తమ్ముడు ఫోన్ పట్టుకుంటే వాళ్లు వీడియోలో చూశారు, సిగ్నల్ సరిగ్గా లేక సగం కనపడలేదట. ఇంట్లో నాన్న డబ్బా సగానికి ఉంది. మా మరదలు అందులో ఇంకో రెండు పిడికిళ్లు వేసి చర్చికి పంపింది.

తిరిగొచ్చాక ఇక్కడి డబ్బా జోలికి నేను పోలేదు, మనసొప్పలేదు. మొన్న అర సర్దుతూ కిందికి దింపితే బరువుగా తగిలింది. మూత తీశాను. నేను వండేది ఎప్పుడూ సోనా మసూరీ. మా బాబు తనకు తాను వండుకునేది బాస్మతి. డబ్బాలో ముప్పావు దాకా బాస్మతి గింజలే, పొడుగ్గా, తెల్లగా. నేను మూత పెట్టేసి, పొయ్యి మీద ఎసరు పెట్టి, నా పిడికెడు తీసి అందులో వేశాను.