వీయూ3 నుంచి వీయూ2కి: ఛందస్సు తెలిస్తే మోర్స్ సగం వచ్చినట్టే

హామ్ రేడియో (సరదాకి, సాధనకి సొంత సెట్టుతో గాల్లో మాట్లాడే అమెచ్యూర్ రేడియో) లైసెన్సుకు మన దేశంలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు రిస్ట్రిక్టెడ్ పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (గాల్లో మీ పేరులాంటి గుర్తు) వస్తుంది, ప్రసారానికి 50 వాట్ల దాకా వాడుకోవచ్చు. రెండో మెట్టు జనరల్ పాసైతే వీయూ2, 400 వాట్లు. రెండింటికీ పన్నెండేళ్లు నిండాలి. మధ్యలో అన్నిటికంటే పెద్ద అడ్డు మోర్స్, అంటే చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే కోడ్. విశాఖలో రిస్ట్రిక్టెడ్ దగ్గరే ఆగిపోయిన వాళ్లలో చాలామంది థియరీ రాక కాదు, 'ఆ టిక్కుటక్కులు మనవల్ల కాదులే' అనుకుని ఆగిపోతారు. తెలుగు మీడియంలో లఘువులూ గురువులూ గుర్తించి గణవిభజన చేసినవాళ్లు ఆ మాట అనకూడదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు కాగితాల సంగతి. దరఖాస్తు టెలికాం శాఖవారి సరళ్ సంచార్ పోర్టల్లో. తెలుగువాళ్లకు ఇక్కడ తగిలే దెబ్బ ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. రెండూ ఒకేలా ఉండేట్టు సరిచేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. పరీక్ష పాసయ్యాక లైసెన్సుకు మళ్లీ వేరే దరఖాస్తు, దానిమీద పోలీసు విచారణ. నెలలు పడుతుంది. ఇరవై ఏళ్ల లైసెన్సుకు వెయ్యి రూపాయలు, జీవితకాలానికి రెండు వేలు.

ఈలోగా చేతులు దురదపెట్టి ఆన్‌లైన్లో చౌక వాకీటాకీ కొనకండి. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఉంచుకోవడమే తప్పు. పైగా మన విశాఖ నౌకాదళం ఉన్న ఊరు. ఆ సెట్లలో చాలావాటికి 174 మెగాహెర్ట్జ్ దాకా ప్రసారం చేసే వీలుంటుంది, అక్కడ హామ్‌లకిచ్చిన మన బ్యాండేమో 144 నుంచి 146 వరకే. ఓడలూ బోట్లూ ఆపదలో పిలిచే మెరైన్ 16వ ఛానల్ 156.8 దగ్గరుంది. తెలియక ఒక్క మీట నొక్కితే అక్కడ గోల మొదలవుతుంది. లైసెన్సు వచ్చాక కూడా ముందు ఆ హద్దుల్ని సెట్టింగుల్లో లాక్ చేశాకే యాంటెనా తగిలించండి.

థియరీ గురించి ఎక్కువ చెప్పను. ఓమ్ సూత్రం, రెజొనెన్స్, సూపర్‌హెట్ రిసీవర్ బ్లాక్ బొమ్మ, డైపోల్ పొడవు, అయనోస్ఫియర్ పొరలు, ఇవి ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు వారం పని. రూల్సు భాగాన్నే తేలిగ్గా తీసుకుని చాలామంది బోల్తా పడతారు. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ రూల్సు, క్యూ కోడ్లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), ఆపద సందేశం పద్ధతి, లాగ్‌బుక్‌లో ఏం రాయాలి, గాల్లో ఏం మాట్లాడకూడదు, అన్నీ నోటికి రావాలి.

ఇక మోర్స్. జనరల్‌కు నిమిషానికి 8 మాటలు. మాటకు ఐదు అక్షరాల లెక్కన నిమిషానికి 40, ఐదు నిమిషాలకు 200. అంటే అక్షరానికి ఒకటిన్నర సెకను. వినడమూ ఉంటుంది, పంపడమూ ఉంటుంది.

చుక్కను ('డి' అనే పొట్టి కూత) లఘువనుకోండి, గీతను ('డా' అనే పొడుగు కూత) గురువనుకోండి. 'యమాతారాజభానసలగం' గుర్తుంది కదా? మూడక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడు గుర్తుల ఇంగ్లీషు అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే. య గణం డి-డా-డా, అది డబ్ల్యూ. మ గణం ఓ, త గణం జి, ర గణం కె, జ గణం ఆర్, భ గణం డి, న గణం ఎస్, స గణం యూ. ఒక్కటీ మిగలదు, ఒక్కటీ చాలకపోదు. లల అంటే ఐ, లగ ఎ, గల ఎన్, గగ ఎమ్. ఒంటి లఘువు ఇ, ఒంటి గురువు టి.

నాలుగు గుర్తుల అక్షరాలకు గణం వెనక ఒక లఘువో గురువో తగిలిస్తే చాలు. నల హెచ్, నగ వి, సల ఎఫ్, జల ఎల్, యల పి, యగ జె, భల బి, భగ ఎక్స్, రల సి, రగ వై, తల జెడ్, తగ క్యూ. తేటగీతిలో వేసే ఇంద్రగణాలు ఆరూ వచ్చేశాయి, చూసుకోండి: నల, నగ, సల ఇక్కడ, భ, ర, త పైన. కొత్తవాళ్లు ఎప్పుడూ తికమకపడే జంటలు ఎఫ్-ఎల్, క్యూ-వై. ఎఫ్ సగణంతో, ఎల్ జగణంతో మొదలవుతాయి. క్యూది తగణం, వైది రగణం. ఇలా పట్టుకుంటే మళ్లీ కలిసిపోవు.

అయితే రెండు జాగ్రత్తలు. ఇది మొదటి వారం ఊతకర్ర మాత్రమే. పరీక్షలో 'డిడిడాడి... సల... ఎఫ్' అని లెక్కేస్తూ కూర్చుంటే ఆ ఒకటిన్నర సెకను అక్కడే అయిపోతుంది. శబ్దం వినగానే చెయ్యి ఎఫ్ రాసెయ్యాలి. రెండోది, పద్యంలో గురువు రెండు మాత్రలే, మోర్స్ గీతకు మూడు. పద్యం లయలో కీ (మోర్స్ పంపే మీట) నొక్కితే గీతలు కురచబడి, అవతలివాడికి ఎ కాస్తా ఐలా వినిపిస్తుంది. గీతను గురువులా కాదు, ప్లుతంలా పలకాలి. వీధి చివరున్నవాణ్ణి "ఒరేయ్ అప్పారావూఊఊ" అని కేకేసినప్పుడు వచ్చే ఆ మూడు మాత్రల ఊకారం ఉందే, అదే కొలత.

వినే సాధనకు ఎల్‌సీడబ్ల్యూఓ అనే ఉచిత సైటు చాలు. అక్షరం వేగం నిమిషానికి 18 మాటలు పెట్టి, అక్షరాల మధ్య ఖాళీ పెంచి మొత్తం వేగం 8కి దించండి. మొదట్నుంచీ అక్షరాన్నే సాగదీసి వింటే మెదడు చుక్కలు లెక్కపెట్టడం మరుగుతుంది, ఆ అలవాటు వదలదు. రెండక్షరాలతో మొదలెట్టి, నూటికి తొంభై సరిగ్గా వస్తేనే మూడోది చేర్చండి. పొద్దున పావుగంట, రాత్రి పావుగంట. ఆదివారం ఒకేసారి రెండు గంటలు కూర్చోవడం దండగ. ఆఖరి రెండు వారాలు మాత్రం అక్షరం వేగం కూడా 8కే దించి వినండి, పరీక్షలో అలా నెమ్మదిగా పంపితే తెల్లమొహం వెయ్యకుండా. 18 వేగంలో చుక్క 67 మిల్లీసెకన్లు, 8 వేగంలో 150. వినడానికి వేరే భాషలా ఉంటుంది.

ఒక అక్షరం పోతే గీత పెట్టి ముందుకు పొండి. దాన్ని తలచుకుంటే తర్వాతి మూడూ పోతాయి. రాబోయే మాటను ముందే ఊహించి రాయకండి. కలిపిరాతలో ఇ, ఎల్ ఒకేలా కనబడితే దిద్దేవారికి మీ మీద దయ ఉండదు.

పంపడానికి ఒక స్ట్రెయిట్ కీ (పైనుంచి కిందికి నొక్కే మామూలు కీ), ఒక చిన్న ఆసిలేటర్ (కూత పుట్టించే సర్క్యూట్). డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సామాను దొరుకుతుంది: 555 ఐసీ, 10కె రెసిస్టర్లు రెండు, 100కె ఒకటి, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 10 మైక్రోఫారడ్ ఒకటి, 100 ఓమ్ ఒకటి, 8 ఓమ్ చిన్న స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ. 8వ పిన్ ప్లస్‌కు, 1వ పిన్ గ్రౌండ్‌కు. ప్లస్ నుంచి 7వ పిన్‌కు 10కె, 7 నుంచి 6కు 100కె. 2, 6 కలిపి అక్కణ్నుంచి 0.01 గ్రౌండ్‌కు. రెండో 0.01 ఐదో పిన్ నుంచి గ్రౌండ్‌కు. 3వ పిన్ నుంచి 100 ఓమ్, 10 మైక్రోఫారడ్ మీదుగా స్పీకరు, దాని రెండో కొస గ్రౌండ్‌కు. సుమారు 690 హెర్ట్జ్ కూత వస్తుంది. కీని బ్యాటరీ వైరులో పెట్టకండి. ఐసీ దగ్గర డికప్లింగ్ కెపాసిటర్ (సరఫరా వైరుల మధ్య కాస్త కరెంటు నిలవచేసేది) గనక ఉంటే కీ వదిలాక కూడా కూత ఈడ్చుకుంటూ పోయి, చుక్కలు అతుక్కుంటాయి. 4వ పిన్‌ను రెండో 10కెతో గ్రౌండ్‌కు లాగి, కీని 4కూ ప్లస్‌కూ మధ్య పెడితే శబ్దం కత్తితో కోసినట్టు ఆగుతుంది.

కీ కాంటాక్టుల మధ్య పోస్టుకార్డు మందం సందు చాలు. కదలాల్సింది మణికట్టు, వేలికొస కాదు. బీచ్ రోడ్డుకు దగ్గరున్న ఇళ్లలో ఉప్పుగాలికి కాంటాక్టులు నెల తిరక్కుండా నల్లబడి, చుక్కలు ఎగిరిపోతుంటాయి. గరుకు కాగితంతో గీకితే పైపూత పోయి ఇంకా తొందరగా చెడుతుంది. మామూలు తెల్లకాగితం ముక్క మధ్యలో పెట్టి, కీ మెల్లగా నొక్కి, కాగితాన్ని లాగండి. దానిమీద నల్లటి చార పడుతుంది. చార పడకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ లాగండి.

మీరు పంపింది ఫోన్లో రికార్డు చేసి మర్నాడు మీరే విని రాసుకోండి. మీ ఎ మీకే ఇ, టిలుగా విడిపోయి వినిపిస్తే అక్షరం లోపలి సందు ఎక్కువైందన్నమాట.

యాంటెనా కోసం వీయూ2 దాకా ఆగక్కర్లేదు. 7.1 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు (మధ్యలో రెండుగా విడిపోయిన తీగ యాంటెనా) మొత్తం 20.1 మీటర్ల తీగ, ఒక్కో పక్క పది మీటర్ల చిల్లర. కాస్త పొడుగ్గానే కోసి తర్వాత కత్తిరించుకోండి. మధ్యలో కోయాక్స్ (సెట్టు నుంచి యాంటెనాకు వెళ్లే కేబుల్) కలిసే చోట సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) చుట్టకపోతే ఒక్క వానాకాలానికే కేబుల్ అల్లిక పచ్చబడుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే వాడండి.

క్యూఎస్ఎల్ కార్డులు (గాల్లో మాట్లాడుకున్నామని ఒకరికొకరు పంపుకునే కార్డులు) మాత్రం వీయూ3 పేరుతో వందల కొద్దీ అచ్చు వేయించకండి. జనరల్ రాగానే కాల్‌సైన్ మారిపోతుంది. యాభై చాలు.