వానాకాలం దాటే పుస్తకం

మా మావయ్యగారు కోనసీమ కొత్తపేటలో ఇల్లు అద్దెకిచ్చేసి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేస్తానని ఒప్పుకున్నాక అసలు చిక్కు బీరువాల దగ్గర వచ్చింది. తెలుగు మాస్టారిగా రిటైరయిన మనిషి, ఇంట్లో సగం సామాను పుస్తకాలే. మంచాలూ బిందెలూ అయితే అడక్కుండానే పట్టుకుపోయేవాళ్ళు దొరికారు. ఫ్లాట్‌లో రెండు అరలు ఇవ్వగలనని చెప్పాను. వాటికి సరిపడా తనే ఏరుకుని, మిగతావి నాకప్పగించారు.

చుట్టుపక్కల ఎవరినడిగినా పాత కాగితాలు తూకానికి కొనే కాటా షాపు చూపించారు. చివరికి మావయ్యగారి పాత స్టూడెంట్ ఒకాయన రాజమండ్రిలో ఒక పాత పుస్తకాల షాపు చెప్పాడు. రాజమండ్రి అనగానే నాకూ ధైర్యం వచ్చింది. అద్దేపల్లి, కొండపల్లి, గొల్లపూడి లాంటి ప్రచురణకర్తలున్న ఊరు, గౌతమీ గ్రంథాలయం ఉన్న ఊరు. అక్కడ పుస్తకాన్ని కేజీల్లో చూడరులే అనుకున్నాను.

ముందు షాపాయనకి ఫోన్ చేశాను. ఎన్ని ఉన్నాయి, ఎవరు రాసినవి అని అడుగుతాడనుకుంటే, "ఎక్కడ పెట్టారండి, కింద గదిలోనా, మేడ మీదా? 86 వరదలో తడిసినవేమైనా ఉన్నాయా?" అన్నాడు. ఆ ప్రశ్నలోనే వ్యాపారమంతా ఉందని తర్వాత అర్థమైంది. "తెచ్చే ముందు ఒక రోజు నీడలో ఆరబెట్టండి, ఎండలో పెట్టకండి, అట్టలు మెలి తిరుగుతాయి" అని కూడా చెప్పాడు. కారు డిక్కీ నింపుకుని రావులపాలెం దాటి, జొన్నాడ బ్రిడ్జి మీదుగా నేనూ మావయ్యగారూ బయల్దేరాం.

షాపాయన మొదట మొత్తం ఒకసారి చూపుతో తడిమి గంపగుత్తగా 4,000 ఇస్తానన్నాడు. మావయ్యగారు సరే అనబోయారు. నేనే, "విడివిడిగా చూసి చెప్పండి, మాకేం తొందర లేదు" అన్నాను. గంపగుత్త బేరంలో మంచి పుస్తకాలు చెత్త పుస్తకాల రేటుకి వెళ్ళిపోతాయి. పెళ్ళిలో బంగారం కొన్నప్పటి నుంచీ నాకు ఈ అలవాటుంది, ముద్దగా ఏదీ అమ్మను, కొనను.

ఆయన చూసే తీరు మాత్రం ముచ్చటేసింది. ముందు ఫ్యాన్ ఆపేశాడు. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని బల్ల మీద రెండు సార్లు తట్టాడు. సన్నటి పొడి రాలితే తొలిచే పురుగు లోపల పనిలో ఉన్నట్టే, ఆ పుస్తకం నేరుగా పక్కకి. రాలకపోతే నడుమ తెరిచి, పేజీలు కలిసే చోట బొటనవేలితో రాసి, వాసన చూశాడు. తర్వాత ఫారాలు, అంటే మడిచి కుట్టే పేజీల కట్టలు, లెక్కపెట్టాడు. పదహారు పేజీల ఫారం ఒకటి బైండింగ్‌లో జారిపోయినా, ఒకటే ఫారం రెండుసార్లు కుట్టేసినా పైకి ఏమీ తెలియదు. అలాంటిది ఒకటి మా వాటిలోనే దొరికింది. మావయ్యగారు దాన్ని నలభై ఏళ్ళుగా దాచుకున్నారు. "అంటే నేను చదవలేదన్నమాట" అని ఆయనే నవ్వేశారు.

ఒక పుస్తకం అంచు మీద గోధుమ రంగు గీత ఉంది, కింది నుంచి రెండు వేళ్ళ ఎత్తున. "ఇది వరద గీతండి" అన్నాడు చూడగానే. 1986 ఆగస్టులో గోదావరి నీళ్ళు కింది అర దాకా వచ్చి ఆగాయని మావయ్యగారు ఒప్పుకున్నారు.

రేటు సంగతి నేననుకున్నదానికి పూర్తిగా తిరగబడింది. గుడ్డ అట్టల బరువైన కాలికో బైండింగ్‌లూ పెద్ద పేర్లూ పైన ఉంటాయనుకున్నాను. వాటికి ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తున్నాయి కాబట్టి పాతదానికి గిరాకీ తక్కువన్నాడు. ఆయన కళ్ళు ఆగింది మా అత్తగారి బైండ్ల మీద. వారపత్రికల్లో వచ్చిన సీరియల్స్ కత్తిరించి, వరసగా పేర్చి, దారంతో కుట్టించుకున్నవి. వెనక పేజీలో సగం తల నూనె ప్రకటన, సగం ఇంకెవరిదో కథ. మేము తూకానికి వేద్దామనుకున్న కట్ట అది. పుస్తకంగా ఎప్పుడూ అచ్చు కాని సీరియల్ అయితే, అది ఇలా కత్తిరించి దాచుకున్నవాళ్ళ ఇళ్ళలో తప్ప మామూలుగా దొరకదట. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ప్రతి బైండు మొదట్లో ఆవిడ పేరూ, ఏ వారం భాగం తప్పిపోయిందో పెన్సిల్ రాతా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మావయ్యగారు మెల్లగా తన వైపు లాక్కున్నారు. షాపాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

చందమామలదీ అంతే. ఏడాదికొకటి చొప్పున చక్కగా బైండు చేయించినవాటికి తక్కువ చెప్పాడు, విడిగా నలిగిపోయి ఉన్నవాటికి ఎక్కువ. బైండు చేసేటప్పుడు అట్టలు తీసేసి అంచులు కోసేస్తారు. కొనేవాళ్ళు వడ్డాది పాపయ్యగారి అట్ట బొమ్మ కోసమే కొంటారట. మాస్కో నుంచి రాదుగ, ప్రగతి వాళ్ళు వేసిన తెలుగు పిల్లల పుస్తకాలు కూడా ఒక్క మాట బేరం లేకుండా తీసుకున్నాడు. సోవియట్ యూనియన్ 1991లోనే పోయింది, ఇక ఆ ముద్రణలు రావు కదా.

ఇటువైపు మా మరిది గ్రూప్స్ గైడ్లు ఒక్కటీ ముట్టుకోలేదు. పదమూడు జిల్లాల లెక్కతో ఉన్నవి, 2022 ఏప్రిల్లో ఇరవై ఆరు చేశాక ఎవరికి పనికొస్తాయి? బావగారి లా పుస్తకాలు నిగనిగలాడుతున్నాయి, ఖరీదైనవి కూడా. కానీ 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత కేసులు ఇంకా నడుస్తున్నాయి కదా అంటే, "ఆయ్, నడుస్తున్నాయండి. ఆ ప్లీడర్ల దగ్గర పుస్తకాలు ఉండే ఉంటాయి, కొత్తగా కొనేదెవరు?" అన్నాడు. కాంట్రాక్ట్ చట్టం మీదున్న పుస్తకం మాత్రం తీసుకున్నాడు. ఆ చట్టం 1872 నాటిది, ఇంకా అదే నడుస్తోంది.

ఒకదాని లోపల శాఖా గ్రంథాలయం రబ్బరు స్టాంపు కనిపించింది. అది ముట్టుకోనన్నాడు. వాపసు తీసుకున్న గుర్తుగా రద్దు ముద్ర లేకపోతే ఎంత మంచి పుస్తకమైనా కొనడట. మావయ్యగారి ముఖం కాస్త వాడిపోయింది, ఏ స్టూడెంటో తెచ్చి మర్చిపోయి ఉంటాడని గొణిగారు. తిరిగొచ్చేటప్పుడు గ్రంథాలయంలో ఇచ్చేశాం.

మధ్యరకం నవలల దగ్గర నేను గట్టిగానే బేరమాడాను. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, అట్టలు కూడా చెక్కుచెదరలేదు. అయినా చాలా తక్కువ చెప్పాడు. ఎందుకని నిలదీస్తే, ఆయన కోపం తెచ్చుకోకుండా వెనక గది చూపించాడు. నేల నుంచి జానెడు ఎత్తు చెక్కల మీద గుట్టలు, గోడకి తగలకుండా జాగా, మూలల్లో కలరా ఉండలు. "కొన్నరోజే అమ్ముడుపోవు కదండీ. ఈ చెమ్మలో దీన్ని ఒక వానాకాలం దాటించాలి, ఒక్కోసారి రెండు. దాటించే ఖర్చు తీసేస్తే మిగిలేదే మీకు చెప్పే రేటు" అన్నాడు. ఆ లెక్క విన్నాక బేరం ఆపేశాను. నిజంగానే ఆ గదిలో నిలబడితే మెడ వెనక చెమట జిగట పట్టింది.

విడిగా కడితే 6,800 తేలింది. డబ్బుకి బదులు పుస్తకాలు తీసుకుంటే ఇంకా కలిపి ఇస్తానన్నాడు. మావయ్యగారు నా వైపు చూశారు. రెండు అరలే అన్నాను. ఫోన్‌పే కొట్టించుకుని వచ్చేశాం.

మిగిలిన గైడ్లూ లా పుస్తకాలూ కొత్తపేట కాటా షాపుకే వెళ్ళాయి. దళసరి అట్టలు ఊడదీస్తేనే తెల్ల కాగితం రేటు ఇస్తానన్నాడు ఆ అబ్బాయి. మా మరిది వసారాలో కూర్చుని తన గైడ్ల అట్టలు తనే పీకాడు, మధ్యమధ్యలో ప్రశ్నలు పైకి చదువుతూ. సగానికి పైగా జవాబులు ఇప్పటికీ గుర్తున్నాయి వాడికి.